అరుగు మీద నిండు చెంబు

మా పక్కింటి అవ్వ మొన్న మంగళవారం పొద్దున పోయింది. పాలు పోసే ఆమె వచ్చి చెప్పగానే పరుగెత్తాను. ముందుగా నా కంటబడింది అరుగు మీది ఇత్తడి చెంబు. అంచుదాకా నీళ్లున్నాయి. ఆ పొద్దున కూడా నింపే పోయింది.

అలిపిరి దారిలో మా వీధివాళ్లందరికీ ఆ చెంబు సంగతి తెలుసు. మీకూ చెప్పాలి. అవ్వకు ఒక్కడే కొడుకు. రైల్వేలో చేరి ఎక్కడో వాయవ్య సరిహద్దు కొండల్లో ఉండేవాడు. సెలవుకు వచ్చి ఇంకో వారం ఉంటానంటే, ఉద్యోగం పోతుందేమోనని భయపడి అవ్వే మూట కట్టి రైలెక్కించింది. చేరిన మూడోరోజే అక్కడ భూకంపం వచ్చింది. కూలిన కప్పు కింద శవమై దొరికాడు. భూమి కదిలితే ముందు నీళ్లకే తెలుస్తుందని, అప్పటినుంచి ఈ చెంబు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొండ మీదికి మోటారు రోడ్డు వేస్తూ బండలు పేల్చేవాళ్లు. చెంబులో నీళ్లు వణికేవి. అవ్వ వీధిలోకి ఉరికొచ్చి, "బయటికి రాండి, పిల్లోళ్లను ఎత్తుకోండి!" అని అరిచేది. అప్పటికే ఎవరి బిడ్డో ఆమె చంకలో ఉండేది. మేం నవ్వేవాళ్లం. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

నేను హైస్కూల్లో భూగోళం చెప్పేవాణ్ణి. ఉన్న కాస్త చదువూ ఊరుకోనివ్వదు కదా, ఒక సాయంత్రం ఓదార్చబోయాను. ఖండాలే కదులుతాయని కొందరు పండితులు అంటున్నారు, కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ, నాకు మాత్రం నమ్మకం కుదిరింది.

"మన దక్షిణ భూమంతా, ఈ ఏడుకొండలతో సహా, కంటికి తెలీనంత మెల్లగా ఉత్తరానికి జరగతా ఉండాది అవ్వా. ఆడుండే నేలను తోసినట్టు నూకతా ఉండాది. ఆ నూకుడుకే అది మడతలుపడి కొండలుగా లేస్తాది. ఏండ్ల తరబడి బిగబట్టుకోని, ఒక్కసారి జారితే భూకంపం. దాంట్లో నీ తప్పేముండాది?"

అవ్వ తన కాళ్లకిందికి చూసుకుంది.

"అంటే ఈడినుంచే నూకినామా అయ్యోరా? నేను నిలబడుకోనుండే ఈ నేలేనా వాని మీద పడింది?"

అలా కాదవ్వా అన్నాను.

మర్నాడు ఆమె రోకలి అటకెక్కింది. బిందె దించినా చప్పుడు వినపడేది కాదు. నిద్రపోయే బిడ్డ పక్కన నడిచినట్టు అడుగు వేసేది. ఇదేందవ్వా అని మా ఆవిడ అడిగితే, "నా వంతుగా నేను నూకకుంటే సాలు తల్లీ" అంది. ఆ మాట విన్నాక నేను ఖండాల పాఠం ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల జ్వరంతో పడుకుని నన్ను పిలిపించింది. "అయ్యోరా, నేను పోతే ఈ నేలకు ఒక మనిసి బరువు తగ్గతాది గదా. ఆడ ఎవురి బిడ్డకైనా మేలేనా?"

చదువుకున్నవాణ్ణి, కాదనాలి. "మేలే అవ్వా" అన్నాను. ఆమె కళ్లు మూసుకుని, ఇన్నేళ్లూ బిగబట్టిన ఊపిరి వదిలింది. నేను చెప్పిన పాఠాలన్నిటిలో నాకు మిగిలింది ఆ అబద్ధమే.

మంగళవారం మధ్యాహ్నం పాడె లేపినప్పుడు నేనూ భుజం ఇచ్చాను. ఎవరూ చెప్పకుండానే నలుగురం అడుగులు మెల్లగా వేశాం. అరుగు దాటేటప్పుడు పక్కకు చూశాను. చెంబులో నీళ్లు కదల్లేదు.