చూడకుండా రాసిన ఇంజన్ నంబరు

శనివారం ఉదయం పంజాగుట్టలో మెట్రో ఎక్కి ఎర్రగడ్డలో దిగుతాను. వయసు చూసి ఎవరైనా లేచి సీటు ఇవ్వబోతే వద్దంటాను. నాలుగు స్టేషన్ల దూరానికి కూర్చోవలసిన అవసరం నాకింకా రాలేదు. రైతుబజారు ముందున్న తోపుడు బండ్లను తప్పించుకుంటూ సనత్‌నగర్ వైపు నడిచి, పట్టాల మీది కాలినడక వంతెన ఎక్కేసరికి మిగతా ఇద్దరూ అక్కడ ఉంటారు.

మేం ముగ్గురం వెళ్ళేది ఎక్స్‌ప్రెస్‌ల కోసం కాదు. అవి మా కింద నుంచి దడదడమని పోతుంటే తల కూడా తిప్పం. మేం చూడ్డానికి వెళ్ళేది షంటింగ్ ఇంజన్‌ని. గూడ్సు బండి తెచ్చి వదిలేసిన వ్యాగన్లను విడదీసి, వెనక్కి నెట్టి, ముందుకు లాగి, ఏ ఫ్యాక్టరీకి వెళ్ళవలసినవి ఆ ఫ్యాక్టరీ పట్టా మీదికి చేర్చే చిన్న డీజిల్ ఇంజన్ అది. ఊరు దాటి ఎప్పుడూ వెళ్ళదు. దానికి పేరు ఉండదు, టైమ్‌టేబుల్ ఉండదు, వీడ్కోలు చెప్పేవాళ్ళు ఉండరు. రోజంతా ఆ మైలు దూరంలోనే అటూ ఇటూ తిరుగుతుంది. మా ముగ్గురికీ అదే నచ్చింది.

మాలో పెద్దాయన రిటైరైన పాయింట్స్‌మన్. పట్టాలు మార్చి ఇంజన్‌కి దారి ఇచ్చే ఉద్యోగం ముప్ఫై ఏళ్ళకు పైగా అదే యార్డులో చేశాడు. ఆయన్ని చాచా అంటాం. రెండో ఆవిడ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. బందరు వైపు మనిషి. పదిన్నరకి క్లాసు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ గడియారం చూసుకుంటూ నిలబడుతుంది. ఆవిడని మేడమ్ అంటాం. మూడోవాణ్ణి నేను.

మాకొక నోటుబుక్కు ఉంది. ఇంజన్ నంబరు, ఎన్ని వ్యాగన్లు, ఏ వైపు, ఎన్ని గంటలకు. ఒక్కొక్క శనివారానికి ఒక్కొక్క వరుస. నా దస్తూరీ బాగుంటుందని రాసే పని నాకిచ్చారు. నియమం ఒకటే: కళ్ళతో చదివిన నంబరే రాయాలి. ఎవరో చెప్పారని రాయకూడదు, ఎప్పుడూ వచ్చేదే కదా అని రాయకూడదు. చూడని వారం ఆ వరుస ఖాళీగా వదిలెయ్యాలి. ఖాళీ వరుసకి ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. తప్పు రాస్తే మాత్రం కొట్టివేసి, పక్కన రాసినవాడు సంతకం పెట్టాలి. చాచా మొదట్లోనే చెప్పాడు. "పాయింటు తప్పు వేస్తే డబ్బా పట్టా దిగి పడ్తది సాబ్. నంబరు తప్పు రాస్తే బుక్కు పడ్తది."

ఈ నియమం నాకు కొత్తది కాదు. అదే యార్డు నుంచి చీలిన ఒక పట్టా చివర మా తాతగారు పెట్టిన ఇనుము పోతపోసే ఫౌండ్రీ ఉండేది. కాలేజీ చదువు అయ్యాక మా నాన్నగారు నన్ను ఆ గేటు దగ్గర నిలబెట్టారు. బొగ్గు, దుక్క ఇనుము వేసుకుని వ్యాగన్లు వచ్చేవి. ఇంజన్ మా గేటు ముందు ఆగి రెండు పొట్టి హారన్లు కొట్టేది. వాచ్‌మన్ గేటు తీసేవాడు. నేను ఒక్కొక్క వ్యాగన్ దగ్గరికీ నడిచి, మసి తుడిచి నంబరు చదివి గేటు బుక్కులో రాసేవాణ్ణి. అది అయ్యేదాకా ఇంజన్ లోపలికి కదలకూడదని నాన్నగారి ఆజ్ఞ. డ్రైవరు విసుక్కుంటూనే కిందికి దిగి, మా క్యాంటీన్ టీ తాగేవాడు. వేడి ఇంజన్ మీద మొదటి వాన చినుకులు పడ్డప్పుడు లేచే డీజిలు వాసన, వ్యాగన్ల బఫర్లు ఒకదానికొకటి తగిలినప్పుడు ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుగెత్తే చప్పుడు, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే నాకు అవే.

తర్వాత ఫౌండ్రీ మూతపడింది. ఎందుకు మూతపడిందో వివరించడం నాకిష్టం లేదు. తప్పు మా ఒక్కరిదే కాదు, కానీ మాది కూడా. పంజాగుట్టలో మా బంగళా ఉన్న స్థలంలో ఇప్పుడు అయిదంతస్తుల చీరల షాపు ఉంది. దాని వెనక సందులోనే ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని ఉంటున్నాను. చుట్టాలు కొందరు కూకట్‌పల్లి వైపు మారమన్నారు. మారలేదు.

ఇవేవీ వంతెన మీద ఇద్దరికీ చెప్పలేదు. జాలిపడతారేమోనని. జాలి పడ్డవాళ్ళతో సమానంగా నిలబడి ఇంజన్ చూడలేం.

పైగా చాచా అప్పుడప్పుడూ ఆ గేటు కథలే చెప్పేవాడు.

"గా చివరి గేటు సేఠ్ ఉండె చూడు మేడమ్, మస్తు అకడ్! సలామ్ కొడితే తల ఇంత, గింతే ఊపేటోడు. ఇంజన్ గేటు కాడ ఆగాలె, కొడుకు బుక్కుల రాయాలె, అప్పుడే లోపలికి. డ్రైవర్లు తిట్టుకుంట ఉండేటోళ్ళు."

"కొడుకో?" అంది మేడమ్.

"కొడుకు సుత గంతే. కట్టె మింగినట్టు నిలబడేటోడు."

ఆవిడ నవ్వింది. నేను పట్టాల వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆ రోజుల్లో వంతెన కిందికి ఎక్కువగా వచ్చే ఇంజన్‌ని చాచా 'బుడ్డీ' అనేవాడు. ముసలిది. పసుపు రంగు వెలిసి, బానెట్ పక్కన రేకు ఊడి, తీగతో కట్టి ఉండేది. దాని హారన్ పగిలిన గొంతుతో, చివర్లో కాస్త కిందికి జారుతూ మోగేది. ఎంత దూరంలో ఉన్నా, ఎంత ట్రాఫిక్‌లో ఉన్నా గుర్తుపట్టగలిగేవాణ్ణి. మా గేటుకి చివరి ఏళ్ళలో వచ్చింది అదే.

ఒక వారం చాచా కబురు తెచ్చాడు. ఫౌండ్రీ పట్టా మీద ఏళ్ళ తరబడి తుప్పు పడుతున్న నాలుగు పాత వ్యాగన్లను వచ్చే శనివారం బయటికి లాగుతారట, ఆ తర్వాత పట్టాలు పీకేస్తారట. అంటే ఆ గేటులోకి ఇంజన్ వెళ్ళడం అదే ఆఖరు. చాచాకి ఆ రోజు మల్లేపల్లిలో పెళ్ళి. మేడమ్‌కి పరీక్షల బ్యాచి. "మీరున్నారుగా సార్, వదలకండి. అన్నీ రాసి పెట్టండి," అంది ఆవిడ. వంతెన మీద నుంచి ఆ గేటు కనబడదు. దగ్గరికి వెళ్ళాలి.

వెళ్ళాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. స్థలం ఎప్పుడో చేతులు మారింది. గేటు మాత్రం పాతదే. నేను ఎప్పుడూ నిలబడే చోటే, ఎడమ స్తంభం పక్కన, వెళ్ళి నిలబడ్డాను. కొత్త వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు, "ఓ పెద్దాయనా, ఈడ ఏం పని నీకు? జర అవతలికి జరుగు."

అతని తప్పేం లేదు. అతని డ్యూటీ అది. రెండడుగులు జరిగితే సరిపోయేది. రోడ్డుకి అవతల నిలబడినా వ్యాగన్లు కనబడేవి. కానీ ఆ గేటు దగ్గర జరగమని నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. వెనక్కి తిరిగి నడిచాను. ఎర్రగడ్డ రోడ్డు మీద ఒక ఇరానీ హోటల్లోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. టీ చల్లారింది. కొంతసేపటికి హారన్ వినిపించింది. రెండు పొట్టివి. పగిలిన గొంతు, చివర్లో కిందికి జారుతూ. బుడ్డీ వచ్చింది. ఇంకా అనుమానం ఏముంది?

నోటుబుక్కు తీసి బుడ్డీ నంబరు రాశాను. వ్యాగన్లు నాలుగు. గంట, నిమిషం కూడా రాశాను. అక్షరాలు ఎప్పటికన్నా అందంగా వచ్చాయి.

తర్వాతి శనివారం వంతెన కింద షంటింగ్ ఇంజనేదీ కదల్లేదు. మేడమ్ క్లాసు వేళకి ముగ్గురం అమీర్‌పేట వచ్చేసి, ఆవిడ కోచింగ్ సెంటర్ మెట్ల పక్కనున్న టిఫిన్ సెంటర్లో నిలబడ్డాం. చుట్టూ హాస్టల్ పిల్లలు ఇడ్లీ ప్లేట్లు చేత్తో పట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో తింటున్నారు. చాచా ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"మన బుడ్డీ పోయింది సాబ్. నాలుగు డబ్బాలు గుంజిన శనివారానికి రెండొద్దుల ముంగట, బేస్తారం నాడే. యార్డుల నా దోస్తు చెప్పిండు. ఇంజన్ చచ్చిపోయిందంట, ఇంకో ఇంజన్ పెట్టి గుంజుకపోయిండ్రు. తుక్కు కిందికే ఇగ."

"గురువారమా?" అన్నాను.

"ఆఁ. శనివారం మీ గేటు కాడికి వచ్చింది వేరేది. షెడ్డు నుంచి తెచ్చిండ్రు. దాని హారన్ పని చేస్తలేదని మన బుడ్డీది ఇప్పి దానికి పెట్టిండ్రంట. గట్ల పెడ్తరు, మామూలే." టీ గ్లాసు అందుకుంటూ అన్నాడు, "బుడ్డీ పోయినా గొంతు మిగిలింది, చూడు."

మేడమ్ అప్పటికే నోటుబుక్కు తిప్పుతోంది. "అదేంటండీ, ఇక్కడ పాత నంబరే ఉందిగా? మీరు చూశారుగా సార్?"

చాచా నా ముఖం చూశాడు. చూసి, నాకొక దారి తెరిచాడు.

"అంకెలు గట్లనే ఉంటయి మేడమ్. సగం రంగు పోయి ఉంటది. ఎండల కండ్లకు ఏం ఆనుతది? మన సాబ్‌కు సుత వయసు పైబడ్డది గదా."

ఔను అంటే సరిపోయేది. కళ్ళు సరిగా ఆనలేదు అంటే ఆ ఇద్దరూ మరో మాట అడిగేవారు కాదు, నోటుబుక్కు నా దగ్గరే ఉండేది. కానీ నేను ఆ గేటు దగ్గర నాలుగేళ్ళు రాసిన బుక్కులో చూడని నంబరు ఒక్కటీ లేదు. మాకని చెప్పుకోడానికి మిగిలింది అదొక్కటే. దాన్ని కంటిచూపు మీదికి నెట్టి అబద్ధం చేయలేకపోయాను.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి చాచా. నేను చూడలేదు. హోటల్లో కూర్చుని హారన్ విని రాశాను."

మేడమ్ తెల్లబోయింది. "ఎందుకండీ? ఖాళీ వదిలేస్తే పోయేదిగా!"

"అది మా గేటు. మా నాన్నగారి ఫౌండ్రీ. అక్కడి నుంచి జరగమన్నారు, వచ్చేశాను. చివరిసారి ఇంజన్ వచ్చిన రోజు మా వాళ్ళెవరూ లేరని ఆ వరుస ఖాళీగా ఉండడం నాకు ఇష్టం లేకపోయింది."

చాచా గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను.

"నాకు ఎర్క లేదా సాబ్? మొదటి రోజే ఎర్క. ఆ నిలబడుడు చూస్తనే ఎర్కయితది. నువ్వు చెప్తవేమో అని ఇన్నొద్దుల నుంచి మీ నాయన్ని తిడుతున్న. నువ్వేమో నోరు తెరుస్తలేవు!"

మేడమ్‌కి నవ్వు ఆగలేదు. నేను నవ్వలేదు. కానీ కోపం కూడా రాలేదు.

జేబులోంచి పెన్ను తీసి ఆ వరుస మీద అడ్డంగా గీత గీశాను. పక్కన సంతకం పెట్టాను, ఇంటిపేరుతో సహా, పూర్తిగా. సిరా ఆరేదాకా ఆగి, నోటుబుక్కు మూసి మేడమ్ ముందుకు జరిపాను. ఇక మీద మీరు రాయండి అన్నాను. ఆవిడ చాచా వైపు చూసింది. చాచా వద్దనలేదు. ఆ విషయంలో ఆయన నన్ను ఓదార్చనందుకు నాకు గౌరవం పెరిగింది.

పై శనివారం కొత్త ఇంజన్ వంతెన కిందికి వచ్చింది. నీలం రంగు ఇంకా మెరుస్తూ ఉంది. అంకెలు మా ముగ్గురికీ స్పష్టంగా కనబడ్డాయి. మేడమ్ కటకటాలకు నోటుబుక్కు ఆనించి గబగబా రాసుకుంటోంది. దస్తూరీ ఘోరం. ఏడు అంకె ఏదో, ఒకటి ఏదో తెలియడం లేదు.

"వ్యాగన్లు ఎన్నండీ?" అంది ఆవిడ తలెత్తకుండా.

"పదకొండు," అన్నాను.

ఆవిడ పెన్ను ఆపి, తలెత్తి, కటకటాల మీదుగా వంగి, ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టుకుంది. ఆ తర్వాతే రాసింది.