మాయ అతుక్కున్న కాన్పు

మూడో కాన్పుకు ఏడో నెలలో తిరుత్తణిలో స్కాన్ తీయించుకున్నాను. డాక్టరమ్మ చాలాసేపు తెరనే చూసింది. ముందు రెండు కాన్పులూ ఆపరేషనేనా అని మళ్లీ అడిగింది. అవునన్నాను. బయట కూర్చున్న నా భర్తను లోపలికి పిలిపించింది.

"బిడ్డ మాయ కిందకి ఉండాది. పాత కోత మిందనే గట్టిగా అతుక్కున్నట్టుంది. రెండు ఆపరేషన్లు అయినోళ్లకి ఇట్లా అయ్యేది ఎక్కువ. బిడ్డ పుట్టినాక అది ఊడిరాదు, లాగితే రక్తం ఆగదు."

"ఈడనే చేసెయ్యండి మేడమ్, ఊరు దగ్గిర," అన్నాడాయన.

"ఈడ కుదరదప్పా. తిరువళ్లూరులో పెద్దాస్పత్రికి రాసిస్తా. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేస్తారు. మాయతో పాటు గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. రక్తమిచ్చేవాళ్లని సిద్ధంగా పెట్టుకో."

ఇంట్లో అత్త ఒప్పుకోలేదు. "నేను అయిదుగుర్ని కన్నా. సంచి తీసేసేదేంది?" అంది. అయినా ఆయన నన్ను తిరువళ్లూరు తీసుకెళ్లి ఆపరేషన్‌కు తేదీ రాయించుకొచ్చాడు.

ఆపరేషన్‌కు వారం ముందు, మధ్యాహ్నం బియ్యం కడుగుతుంటే, నొప్పి లేకుండానే రక్తం మొదలైంది. చీర తడిసిపోయింది. ఆయన ఫ్యాక్టరీలో ఉన్నాడు. అత్తే ఆంబులెన్స్ పిలిపించి నా పక్కన ఎక్కింది. తిరువళ్లూరు దారిలో కనకమ్మ సత్రం దగ్గర లారీలు అడ్డంగా ఆగి ఉన్నాయి. అత్త దిగి, అరవంలో డ్రైవర్లను బతిమాలి, తిట్టి దారి తీయించింది. మళ్లీ ఎక్కి నా కాళ్లు పట్టుకుంది. అవి చల్లబడుతున్నాయి.

ఆస్పత్రిలో డాక్టరు నా మీదికి వంగి, "మాయను లాగం. సంచితోనే తీసేస్తాం. సమ్మతమేనా?" అని అడిగాడు. నేను అత్త వైపు చూశాను.

"నన్ను చూస్తావేమే? సరి అని చెప్పు," అంది.

సంతకం చేశాను. నా చెప్పులు చేతిలో పట్టుకుని ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది.

మరుసటి రోజు మెలకువ వచ్చేసరికి ఆయన పక్కనున్నాడు. "ఆడబిడ్డ. ఊపిరికి మెషీన్ పెట్టినారు, పర్వాలేదంట. మా షిఫ్టోళ్లంతా వచ్చి రక్తమిచ్చినారు," అన్నాడు. మాయ మూత్రాశయాన్ని కూడా పట్టుకుందట; అక్కడా కుట్లు వేశారు. ఇక బిడ్డలు పుట్టరని తెలిసే ఒప్పుకున్నాను. అయినా పాలు పడిన రోజు గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చాను.

నడవగలిగాక, మూత్రం సంచి చేత్తో పట్టుకుని బిడ్డ దగ్గరికి వెళ్లాను. గొట్టాలకు అంటించిన ప్లాస్టర్ల వల్ల ముఖం కనిపించలేదు. కాళ్లయినా చూపించమని నర్సును అడిగాను. ఆమె గుడ్డ తొలగించింది. చెయ్యి లోపలికి పెట్టి ఆ చిన్న పాదాలు పట్టుకున్నాను; వెచ్చగా ఉన్నాయి.