వాగులో గెలిచిన పందెం

పందెం గెలిచి ఊరిని ముంచినవాణ్ణి ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనున్నాను. మొహమాటపడకుండా నవ్వండి. మా ఊరివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వాక వాగు వైపు చూస్తారు, అంతే.

మాది పినపాక దాటి అడవిలోకి పోతే, వాగు అవతల ఉండే గూడెం. ఆశ్రమ పాఠశాలలో ఉండగా నేను పరుగుపందేల మనిషిని. జిల్లా మీదికి వెళ్లాను, రాష్ట్రం మీదికి వెళ్లాను, పతకాలు తెచ్చాను. మా అమ్మ వాటిని పాకలో వరసగా వేలాడదీస్తే, గాలికి గలగలమన్నప్పుడల్లా మేకలు బెదిరేవి. ఆ పతకాల వల్ల ఇంకెవరికీ ఏమీ కాలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సర్పంచ్ ఎన్నికలొచ్చినప్పుడు, మా నాన్న తమ్ముడు ఎర్రయ్య చిన్నాయన ఊరందరి ముందు లేచాడు.

"ఆఫీసుల సుట్టూ తిరిగి తిరిగి పాత సర్పంచ్‌కు మోకాళ్లు అరిగిపోయినయి. గీ పిలగానికి కాళ్లున్నయి. వీణ్ణి పెడదాం."

తలకాయ సంగతి ఎవరూ అడగలేదు. పోటీ లేకుండా గెలిచాను.

ఊరికి కావలసింది ఒక్కటే, వాగు మీద వంతెన. వానాకాలంలో రోగమొస్తే మంచానికి కర్ర కట్టి, నలుగురం భుజాన మోసి, వాగు దాటించి రోడ్డెక్కించాలి. అప్పుడు దవాఖానా. వాగు నిండుగా ఉంటే నీళ్లు తగ్గేదాకా రోగం ఒడ్డునే ఆగాలి. ఆగని రోగాలతో మనుషులు పోయేవారు.

ఆ ఏడు వానలు వెనకపట్టే వేళకు నా భార్య సమ్మక్క నీళ్లోసుకుంది.

"మల్ల వానల్లనే నా కాన్పు. గీ ఎండకాలంల వంతెన పడాలె" అంది.

"పడుతది."

"నీకు ఉరుకుడే తెలుసు. అడుగుడు తెలుసా?"

ఆ మాటకు నా పౌరుషం లేచింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి పెద్ద ఇంజనీరును ఒప్పించాను. మంజూరైన వంతెన ఒక్కటే, అడిగిన ఊళ్లు రెండు. ఎవరి కష్టం ఎక్కువో కళ్లతో చూసి రాస్తానన్నాడు.

చూపించాలంటే రోగి కావాలి. ఆ రోజుకు మా ఊళ్లో ఒక్కరికీ జ్వరం లేదు. అదేం ఖర్మో! చిన్నాయనను పట్టుకున్నాను.

"నాకేం రోగం రా?"

"ఏదో ఒకటి అనుకో. జర మూలుగు, చాలు."

"మూలుగుడు నాకు రాదు. పాట పాడమంటే పాడుత."

"పాడకు! గమ్మున పండుకో."

సమ్మక్క పదేపదే చెప్పింది. "మెల్లగ దాటుండ్రి. నడుమల ఆగుండ్రి. ఆయాసపడుండ్రి."

"నాకు తెలియదా?" అన్నాను. నాకు తెలియదు.

ఇంజనీరు అవతలి ఒడ్డున కుర్చీలో కూర్చుని చాయ్ అందుకున్నాడు. నీళ్లు తొడల్లోతున్నాయి. ముందు నేను, వెనక నా బావమరిదీ మరో ఇద్దరూ, మంచం మీద చిన్నాయన. ఏడుపు మొహాలు పెట్టుకుని బ్రహ్మాండంగా కుంటుతూ దిగాం.

అప్పుడు ఇంజనీరు పక్కనున్న పంచాయతీ సెక్రటరీని అడిగాడు. "ముందున్నది ఎవరయ్యా?"

"మా సర్పంచే సార్. స్టేట్ మెడల్ కొట్టిన రన్నర్."

"అట్లనా!" అని ఇంజనీరు తన చేతి వాచీ చూసుకున్నాడు.

అయిపోయింది. గీత దగ్గర నిలబడి వాచీ చూసే మనిషి కనిపిస్తే, నా కాళ్లకు సర్పంచ్ గిర్పంచ్ ఏదీ గుర్తుండదు. ఉరికాను.

"ఆగు బావా, ఆగు!" అని బావమరిది.

"ఒరేయ్, పడిపోత రా!" అని చిన్నాయన.

నాకవన్నీ చప్పట్లలాగే వినిపించాయి. మంచాన్ని ఇంజనీరు కాళ్ల ముందు దించి రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. చిన్నాయన ప్రాణభయంతో మంచం మీంచి దూకి, గట్టెక్కి, రోడ్డు దాకా పరుగెత్తాడు.

"శభాష్!" అన్నాడు ఇంజనీరు. "నా చాయ్ ఇంకా సల్లారలే. మీ పేషెంటు ఆయనంతట ఆయనే దవాఖానకు పోతుండు. గిసొంటి మనుషులుండగ మీకు వంతెనెందుకయ్యా?"

నా చేయి పట్టి ఊపాడు. నేనేమన్నానో చెప్పమంటారా? "థాంక్యూ సార్" అన్నాను.

రెండో ఊరి సర్పంచ్‌కు పరుగు రాదు. నీళ్లలో రెండడుగులు వేసి కూలబడి బావురుమన్నాడట. వంతెన వాళ్లకు రాశారు.

ఇంటికొస్తే సమ్మక్క కేకలెయ్యలేదు. "గెలిసినవా?" అంది.

"అవ్" అన్నాను. లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ వానలొచ్చాయి. సమ్మక్కకు నొప్పులొచ్చిన పొద్దున వాగు రెండొడ్లూ ఒరుసుకుని పారుతోంది. నీళ్లు తగ్గేదాకా ఒడ్డున మంచం దించి, పైన వాన పడకుండా పరదా పట్టుకుని నిలబడ్డాం. తగ్గాక నా బతుకులో ఎన్నడూ ఉరకనంత ఉరికాను. దవాఖానాలో డాక్టరమ్మ, "పొద్దున తెస్తే బిడ్డ బతికేది కదా" అంది. ఆడపిల్ల. ఏడవలేదు. ఇక్కడ నవ్వించే మాట నా దగ్గర లేదు.

ఆ వానలు వెనకపట్టాక కొత్త ఇంజనీరు వస్తున్నాడన్నారు.

"ఈసారి మెల్లగ నడుస్త, ఒట్టు" అన్నాను.

"నువ్వు నడవొద్దు. మంచం మీద పండుకో. మేం ఆడోళ్లం మోస్తం" అంది సమ్మక్క.

"నాకేం రోగమే?"

"నీ రోగం ఊరందరికీ తెలుసు."

మెడదాకా దుప్పటి కప్పి పడుకోబెట్టారు. నలుగురు ఆడవాళ్లు ఎత్తారు, ముందు సమ్మక్క. ఒక్కో అడుగూ తడుముకుంటూ వేస్తున్నారు. నేను తల తిప్పి ఒడ్డు వైపు చూశాను. ఈ ఇంజనీరుకూ వాచీ ఉంది. పాడు నోరు ఊరుకుంటేనా?

"జల్దీ, జల్దీ!" అన్నాను.

సమ్మక్క ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. తర్వాత ఒడ్డుకు వినపడేలా, "అయ్యో, కాలు జారింది!" అని అరిచింది. అరిచాక కర్ర వదిలింది. వరస మీరు గమనించాలి.

దుప్పటి కాళ్లకు చుట్టుకుంది. గుక్క మీద గుక్క వాగు తాగాను. నలుగురూ జుట్టు పట్టి ఒడ్డుకు లాగేసరికి నేను నిజమైన రోగిని. ఇంజనీరు మొహం పాలిపోయింది. "ఘోరం! రేపే రాస్త!" అంటున్నాడు. సమ్మక్క నా వీపు నిమురుతూ వెక్కివెక్కి ఏడ్చింది. బిడ్డ పోయాక నా ఎదుట ఆమె ఏడవడం అదే మొదలు. పాపం, మొగుడి కోసం ఏడుస్తోందని ఇంజనీరు అనుకున్నాడు. కాసేపు నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత నాకూ ఏడుపొచ్చింది.

వంతెన వచ్చింది. అది పూర్తయిన రోజున దాని మీద నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాచి, ఊరంతా వినేలా ప్రమాణం చేశాను. "వాచీ పెట్టుకున్న ఏ మనిషి ముందరా ఇక ఉరకను. వానొచ్చినా ఉరకను, ఎలుగుబంటి ఎంటపడ్డా ఉరకను. సచ్చేదాకా గీ మాట మీదనే ఉంట."

సమ్మక్క కొంగు సర్దుకుని నడక మొదలుపెట్టింది.

"సచ్చుడుకు గూడ తొందరపడకు" అంది.