బోల్టు మరిచిన బాబాయ్

మాకిరిరి ఊరు మొత్తంలో క్లారీ బాబాయ్ అంత జాగ్రత్తగా వేట సంచీ సర్దే మనిషి లేడు. అంత జాగ్రత్తగా సర్దుకుని, తీరా కొండెక్కాక తుపాకీ బోల్టు ఇంట్లో మర్చిపోయానని నెత్తి కొట్టుకునే మనిషి కూడా ఇంకొకడు లేడు.

బోల్టంటే తుపాకీ వెనక ముందుకి తోసి బిగించే ఇనుప ముక్క. జానెడు కూడా ఉండదు. అది లేకపోతే ఎంత గొప్ప తుపాకీ అయినా చేతికర్రే. తుపాకీ ఒకచోట, బోల్టు ఇంకోచోట, తూటాలు మరోచోట దాచుకోవాలని అక్కడి నియమం. కాబట్టి మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది, కాకపోతే జన్మకి ఒక్కసారి జరుగుతుంది. బాబాయ్‌కి ఇప్పటికి ఐదుసార్లు జరిగింది. ఐదుసార్లూ ఊరంతా వారం రోజులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది. వాళ్ళతో కలిసి బాబాయ్ కూడా నవ్వాడు.

ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. రోడ్లు చదును చేసే బండి నడిపి రిటైరయ్యాడు. ఏప్రిల్ వచ్చి రువాహినే కొండల్లో మగ దుప్పులు తోడు కోసం బొబ్బలు పెట్టడం మొదలైందంటే ఆయనకి తిండి సహించదు. ఒక్క పగటి వేటకి మూడు రోజులు సర్దుతాడు. జాబితా వంటింటి అలమర తలుపు వెనక అంటించి ఉంటుంది. ఆయన చదువుతుంటే భార్య వెర్నా బల్ల దగ్గర నిలబడి బడిలో హాజరు పలికినట్టు పలకాలి. చాకు? ఉంది. సానరాయి? ఉంది. టార్చి? ఉంది. ఆ టార్చి కనబడకపోతే వెతకడానికి ఇంకో టార్చి? అదీ ఉంది. దుప్పిని పిలిచే గొట్టం? ఇక్కడ మాత్రం వెర్నా పలకదు. ఎందుకంటే ఆ గొట్టం ఆమె ఇల్లు శుభ్రం చేసుకునే మిషనుది. బాబాయ్ అందులో నోరు పెట్టి అరిస్తే అచ్చం మగ దుప్పి బొబ్బే. ఏప్రిల్ నెలంతా మిషను మూల కూర్చుంటుంది, దుమ్ము సోఫా మీద కూర్చుంటుంది.

ఆ మంగళవారం ఈ హాజరు పట్టీ వింటూ బల్లకి అవతల కూర్చున్నది హుయా. ఊరి చుట్టుపక్కల పొలాలకి ఉత్తరాలు పంచే మనిషి, నలభయ్యో ఏట పడింది. జాబితా అంతా విని, అందులో బోల్టు ఎందుకు లేదు బాబాయ్ అని అడిగింది.

"ఊపిరి పీల్చుకోమని రాసుకుంటామా అమ్మాయ్?" అన్నాడు బాబాయ్, కాస్త నొచ్చుకుని.

హుయాది పెద్ద చిక్కు. మూడేళ్ళుగా ఒంటరిగా కొండెక్కుతోంది, ఇంతవరకూ దుప్పి తోక కూడా చూడలేదు. ఊరికే ఉండక, వచ్చే శనివారం అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజుకి, కాలిన రాళ్ళ మీద పెట్టి మట్టి కప్పి వండే హాంగీ గుంటలోకి దుప్పి మాంసం తానే తెస్తానని, అత్తలూ పిన్నులూ అందరూ కూర్చున్న చోట మాటిచ్చేసింది. ఆ మాట పూర్తయ్యేలోపే అక్క మొగుడు రేవి బావ లేచి, ఎందుకైనా మంచిదని తను రెండు గొర్రెలు సిద్ధంగా ఉంచుతానన్నాడు. అప్పట్నుంచీ రోజూ ఆమె ఉత్తరాల బండికి అడ్డంగా నిలబడి, గొర్రెలు కులాసాగా ఉన్నాయని చెప్పి మరీ పోతున్నాడు. తను కుర్రతనంలో ఉత్తరాన ఉన్నప్పుడు తొమ్మిది దుప్పుల్ని కొట్టానని కూడా అంటాడు. హుయాకి దుప్పి దొరక్కపోతే ఆ గొర్రెల మాంసం ముద్ద గొంతు దిగదు. అందుకే సిగ్గు విడిచి బాబాయ్ దగ్గరికి వచ్చింది.

తీసుకెళ్తాను గానీ నీ సంచీ నేను సర్దాలి అన్నాడు బాబాయ్. అన్నదే తడవుగా ఆమె సంచీని బల్ల మీద బోర్లించాడు. చిప్స్ పొట్లాలు తీసి పక్కన పడేశాడు, ఆ కరకరకి లోయ అవతలి దుప్పి కూడా పారిపోతుందట. చొక్కా వాసన చూసి ముఖం చిట్లించాడు. సబ్బు వాసన. దాన్ని రెండు రోజులు కట్టెల కొట్టులో వేలాడదీయమని వెర్నాకి అప్పజెప్పాడు. అగ్గిపెట్టె చూసి, ఇది వానలో వెలుగుతుందా అని అడిగి, పాత సైకిలు ట్యూబు కత్తిరించిన రబ్బరు ముక్కలు నాలుగు జతచేశాడు. అవి తడిసినా మండుతాయి. గాలి ఎటు వీస్తోందో చూడటానికి పిల్లల పౌడరు సీసా, రొట్టె కవర్లో చుట్టిన పొడి మేజోళ్ళు, తాడు, వానకోటు, ఆపదలో సంకేతం పంపే పరికరం, గుడ్లు పెట్టి కాల్చిన రొట్టె ఒక పెద్ద ముక్క, మాంసం వేసుకోవడానికి వెర్నా పువ్వుల దిండు గలీబులు నాలుగు పెట్టాడు. వాటి కోసం మొగుడూ పెళ్ళాల మధ్య కాసేపు యుద్ధం జరిగింది గానీ, ఎప్పట్లాగే వెర్నా ఓడిపోయింది. ఇన్నీ పెట్టాక సగం సంచీ ఖాళీగా ఉంచాడు.

"ఈ సగం దేనికి?" అంది హుయా.

"అది దుప్పిది. దాని చోటులో నీ సామాను పెట్టకు," అన్నాడు బాబాయ్.

గురువారం తెలతెలవారుతుంటే పికప్ బండి దారి చివర ఆపి కొండెక్కడం మొదలుపెట్టారు. రెండు గంటల దూరం ఎక్కేసరికి కింద లోయలోంచి మొదటి బొబ్బ వినబడింది. పాత తలుపు ఈడ్చినట్టు మొదలై, గొంతు చించుకుని, చివర్న నాలుగు దగ్గులతో ఆగింది. బాబాయ్ ముఖం పెళ్ళిపీట మీది పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది. పౌడరు సీసా నొక్కి చూశాడు. పొడి వాళ్ళ ముఖాల మీదికే వచ్చింది. గాలి మనవైపే ఉంది, భేషుగ్గా ఉంది అన్నాడు. భుజం మీది తుపాకీ దించాడు. బ్యాగు జేబు తడిమాడు, చొక్కా జేబు తడిమాడు, ప్యాంటు జేబులు రెండూ తడిమాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"బోల్టు," అన్నాడు.

హుయాకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒళ్ళు మండిపోయి, ఇంత సర్దుడూ సర్ది ఇదేం మతిమరుపు బాబాయ్ అని గుసగుసగానే దులిపేసింది. కోపంతో పాటు జాలి కూడా వేసింది. ఎందుకంటే ఆ కొండల్లో ఒక కట్టు ఉంది, పిలిచినవాడిదే గుండు. గొట్టంతో దుప్పిని ఎవరు రప్పిస్తే వాళ్ళే కొట్టాలి. దానంగా ఇచ్చిన గుండు ఎవరూ పుచ్చుకోరు, పుచ్చుకుంటే ఊరు జీవితాంతం దెప్పుతుంది. హుయాకి గొట్టం ఊదడం రాదు. బాబాయ్‌లా ఊదేవాడు చుట్టుపక్కల యాభై మైళ్ళలో లేడు. అంచేత ఆవిడ తన తుపాకీ తీసి ఆయన చేతిలో పెట్టబోయింది.

"నాది ఎడమచేతి వాటం అమ్మాయ్. నీ తుపాకీ కుడిచేతిది. ముక్కు పగలగొట్టుకుంటాను," అని బాబాయ్ వెనక్కి తోశాడు. "పిలవడం నాది, పేల్చడం నీది. ఇంక వేరే దారేముంది?"

గొట్టం నోట్లో పెట్టుకుని బొబ్బ పెట్టాడు. లోయ బదులిచ్చింది. మళ్ళీ పెట్టాడు. ఈసారి బదులు సగం దూరం నుంచే వచ్చింది, అందులో పచ్చి కోపం ఉంది. ఎవడ్రా నా చోటుకి వచ్చినవాడు అన్నట్టు ఉంది. కొమ్మలు విరుగుతున్నాయి, రాళ్ళు దొర్లుతున్నాయి. మూడోసారి బాబాయ్ చిన్నగా, ఎగతాళిగా ఊదాడు. అంతే, ఫెర్న్ పొదలు కదిలాయి.

"తొందరపడకు. ఏం కనబడుతోందో నాకు చెప్పు. మొత్తం చూశాకే వేలు కదపాలి," అన్నాడు చెవిలో.

"కొమ్ములు," అంది హుయా. "మెడ. జూలు. బురద పూసుకుని నల్లగా ఉంది బాబాయ్. భుజం కూడా కనబడుతోంది."

"దాని వెనక?"

"మట్టిగట్టు. ఇంకేం లేదు."

"అయితే అది నీదే."

తుపాకీ పేలింది. చప్పుడు లోయంతా తిరిగి వచ్చేసరికి దుప్పి నిలబడ్డచోటే కూలి ఉంది. హుయా కూర్చుంది, లేచింది, బాబాయ్‌ని కావలించుకుంది, మళ్ళీ కూర్చుంది. మూడేళ్ళ నడక, అమ్మ పుట్టినరోజు, బావ గొర్రెలు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి ఆనందం పట్టలేకపోయింది. బాబాయ్ కొమ్ములు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. పన్నెండు మొనలు. ఇలాంటిదాన్ని తానే ఎన్నడూ కొట్టలేదని చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఎక్కడా వెలితి లేకపోవడం హుయాకి ఆశ్చర్యం వేసింది.

మాంసం కోస్తుంటే తొందరలో చాకు జారి ఆమె బొటనవేలు తెగింది. బాబాయ్ నీళ్ళ కోసం వాగు దగ్గరికి దిగి ఉన్నాడు. ఆయన సంచీలో ఏది ఎక్కడుంటుందో ఇప్పుడు ఊరందరికన్నా ఆమెకే బాగా తెలుసు కనుక, ఎడమ జేబులోంచి కట్ల డబ్బా తీసింది. మూత తీస్తే దూది, కత్తెర, అంటించే పట్టీలు ఉన్నాయి. వాటి కింద, నూనె రాసిన గుడ్డలో పొందిగ్గా చుట్టి, బోల్టు.

బాబాయ్ బోల్టు మర్చిపోయిన ఐదుసార్లూ ఆయన వెంట వెళ్ళినవాళ్ళు హుయాకి ఒక్కొక్కరే గుర్తొచ్చారు. బడి పంతులు, రొట్టెల కొట్టు అమ్మాయి, వెర్నా మేనల్లుడు, ఆ తర్వాత వెళ్ళిన ఇద్దరు. ఐదుగురికీ అది మొదటి దుప్పి. పాత వేటగాళ్ళతో వెళ్ళినప్పుడు బాబాయ్ మర్చిపోయాడని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఇచ్చిన గుండు ఎవరూ పుచ్చుకోరు కాబట్టి ఈ మనిషి ఊరందరి చేతా మతిమరుపువాడు అనిపించుకుని మరీ ఇస్తున్నాడు. పట్టీ అంటించుకుని, గుడ్డ చుట్టు చెదరకుండా డబ్బా మూసి, ఉన్నచోటే పెట్టేసింది.

బాబాయ్ వచ్చి ఆమె బొటనవేలు చూశాడు. తర్వాత తన సంచీ వైపు చూశాడు.

"పట్టీ ఎక్కడిది?"

"నీ డబ్బాలోదే."

"డబ్బాలో ఏమేం ఉన్నాయి?"

"దూది, కత్తెర," అంది హుయా. "వేరే ఏం ఉంటాయి బాబాయ్?"

బాబాయ్ సంచీ ఎడమ జేబు బిగించాడు. దూది చాలా మంచిది, ప్రతి సంచీలో ఉండాలి అన్నాడు. తర్వాత పువ్వుల గలీబుల్లో మాంసం నింపి, బరువులో సింహభాగం తన వీపు మీదే వేసుకున్నాడు. వద్దని హుయా ఎంత మొత్తుకున్నా వినలేదు.

శనివారం హాంగీ గుంట మీది మట్టి తీయగానే వచ్చిన వాసనకి అత్తలూ పిన్నులూ మాటలు ఆపేశారు. అమ్మ మూడుసార్లు పెట్టించుకుంది. గొర్రెలు కంచె అవతల నిశ్చింతగా గడ్డి మేస్తున్నాయి. రేవి బావ ఓటమి ఒప్పుకోలేక చీపురు ఒకటి భుజాన వేసుకుని, బాబాయ్ జేబులు తడుముకుని నెత్తి కొట్టుకునే ఘట్టం అభినయించి చూపిస్తున్నాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. నిజం చెప్పేద్దామని హుయా లేవబోతే పక్కనున్న బాబాయ్ మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వచ్చే ఏప్రిల్‌లో మీ బావని తీసుకెళ్తున్నాను," అన్నాడు నెమ్మదిగా.

"బావని ఎందుకు? తొమ్మిది కొట్టాడు కదా."

బాబాయ్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక్కటీ లేదు. నిన్న మా షెడ్డుకి వచ్చి చెప్పుకున్నాడు పాపం. ఎవరితోనూ అనకు, పరువు పోతుంది."

హుయా బావ వైపు చూసింది. బావ చీపురు పట్టుకుని, జనం అడిగితే ఆ ఘట్టాన్ని రెండోసారి మొదలుపెట్టాడు. ఈసారి ఆమెకీ నవ్వు ఆగలేదు.

"మరి ఆ రోజు బోల్టు తీసుకెళ్తావా బాబాయ్?"

"తీసుకెళ్ళాలనే ఉంటుంది అమ్మాయ్," అన్నాడు బాబాయ్, ఇంకో ముక్క మాంసం వడ్డించుకుంటూ. "ఈ వయసులో గుర్తుండొద్దూ?"