ఓనరమ్మతో పడవెక్కాను

మా ఇంటి ఓనరమ్మకు అరవై దాటాయి. ఎల్బీనగర్‌లో మేముండే కాలనీ ఒకప్పుడు వాళ్ల పొలమే. నేను కోస్తా నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెబుతున్నాను. పొద్దున్నే ఇద్దరం కాలనీ పక్కనున్న చెరువు కట్ట మీద నడిచేవాళ్లం. నేను మాత్రం కంపుకు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని.

చెరువులో కాళ్లతో తొక్కే పడవలు వేసిన వారమే ఆమె, "ఎక్కుదాం పా బిడ్డా" అంది.

"ఆ నీళ్ల మీదకా? నేను రానండీ."

"నిన్ను దుంకుమన్ననా? మీద కూసొని తొక్కుడే గదా!"

ఆమె మనసు మార్చాలని సీసాతో చెరువు నీళ్లు తెచ్చి, ఇంట్లో కిట్ పెట్టి పరీక్ష చేశాను. ఆక్సిజన్ మరీ తక్కువ. "చేపలకే ఊపిరాడదు ఆంటీ" అన్నాను. ఆమె సీసాను వెలుతురుకేసి పట్టుకుని చూసింది.

"చిన్నప్పుడు గీ నీళ్లే తాగినం" అంది మెల్లగా.

ఆ మాట విన్నాక సీసా తీసి పక్కన పెట్టేశాను. ఆదివారం ఆమెతో పడవెక్కాను.

చెరువు మధ్యకు వెళ్లేసరికి గుర్రపుడెక్క పడవ చక్రానికి చుట్టుకుంది. ఎంత తొక్కినా ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాం. కట్ట మీద జనం పోగై సలహాలు మొదలుపెట్టారు. "ఎనకకు తొక్కుండ్రి!" అని ఒకరు, "కదలకుండా కూర్చోండి!" అని ఇంకొకరు. ఓనరమ్మ కొంగు బిగించి, మోచేతి దాకా చెయ్యి ముంచి ఆ మొక్కల్ని లాగడం మొదలుపెట్టింది.

"చెయ్యి పెట్టకండి ఆంటీ!"

"ఊకో, నువ్వు తొక్కు!"

పడవ కదలగానే కట్ట మీద చప్పట్లు. నవ్వు ఆపుకోలేక నేను తొక్కడమే మరిచిపోయాను.

ఒడ్డుకొచ్చాక మూడుసార్లు సబ్బుతో కడిగి చెయ్యి వాసన చూసుకుంది. "పోతలేదు. మోరీ నీళ్లు ఏడ కలుస్తున్నయో నాకెరుక. నీ సీసా పట్కరా."

ఆ సాయంత్రం కాలనీ మీటింగులో నా చేత మళ్లీ పరీక్ష చేయించింది. మర్నాడు పదిమందిని వెంటబెట్టుకుని పొదల వెనక నుంచి చెరువులో కలుస్తున్న మురుగుకాలువను, ఆమె చెప్పిన మోరీని, చూపించింది. అర్జీలు పెట్టాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. చివరికి ఆ మోరీని మళ్లించారు. వానాకాలం దాటాక పరీక్ష చేస్తే ఆక్సిజన్ కాస్త పెరిగింది. తాగడానికి పనికిరావు గానీ, కంపు తగ్గింది.

ఇప్పుడు ఆదివారం పడవ దొరకాలంటే లైన్లో నిలబడాల్సిందే. ఓనరమ్మకు దాంతో పరేషానేం లేదు. ముందున్నవాళ్లతో మాట కలిపి, గుర్రపుడెక్క చుట్టుకుంటే ఎట్ల లాగాలో నేర్పిస్తుంటుంది.