పసుపు రాసిన చీల

వెల్డింగు మేస్త్రి పోయాడన్న మాట నాకు మొదటి పడవ మీద వచ్చింది. అరటితోటకు పోదామని కత్తి పట్టుకుని అరుగు దిగుతున్నాను. పడవ నడిపే అతను గట్టు మీంచే కేకేసి చెప్పాడు.

"మామ్మగారండీ, గన్నవరం మేస్త్రిగారు పోయేరంటండి. తెల్లారగట్ల గుండె ఆగిపోయిందంట."

కత్తి అరుగు మీద పెట్టేశాను. ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఇంట్లోకి వెళ్ళి దేవుడి గూట్లో పటాల వెనక చెయ్యి పెట్టి ఒక ఇనప చీల తీశాను. కొంగున ముడేసుకుని ఆ పడవే ఎక్కాను.

ఆయన పెద్దకర్మకు చిన్న పుస్తకం వేస్తున్నారు. తెలిసినవాళ్ళందరినీ రెండేసి మాటలు చెప్పమన్నారు. నాకు చదువు లేదు, వేలిముద్ర మనిషిని. నేను చెబుతుంటే రాస్తున్నది మేస్త్రి కూతురే. ఆయన మంచివాడని అందరూ చెబుతారు, దానికి నేనక్కర్లేదు. ఆయన పనిని పాడుచేసింది ఎవరో చెప్పడానికి మాత్రం నేను తప్ప ఇంకొకరు లేరు. నా మొహం చూసి ఒక్క ముక్క కూడా మెత్తగా రాయొద్దని అమ్మాయికి ముందే చెప్పాను.

మాది ఏటి మధ్య లంక. అక్కడ పండింది ఏదైనా పడవెక్కి రావాల్సిందే. తొంభయ్యారు తుఫానుకు మా కొబ్బరి చెట్లు పడిపోయాయి. పాక కూలి ఒక ఎద్దు పోయింది. జత లేని రెండోదాన్ని చూడలేక తోలేశాం. అరటి వేశాం. గెలలు తోటలోంచి రేవుకి, పడవ దిగాక రేవులోంచి రోడ్డు మీదకి మెడల మీద మోసేవాళ్ళం. మా ఆయనకు పాత మోపెడ్ ఒకటి ఉండేది. దాని వెనక తగిలించుకునే చిన్న బండి ఉంటే మెడలు బతుకుతాయని మా ఆశ. కానీ పడవలో మనుషులకే చోటుండదు, మోపెడ్ ఎక్కించడమే గగనం, బండికి ఎక్కడిది? మా ఇంటి సందు కూడా అంతే, మనిషి పక్కకు తిరిగి రావాలి.

ఏటి అవతల రోడ్డు పక్కన ఈ మేస్త్రి కొట్టు. గేట్లు, కిటికీ ఊచలు చేసేవాడు. చెవి మీద సుద్దముక్క, నుదుటి మీదకి తోసుకున్న నల్లద్దాలు. అతుకు వేశాక సుత్తితో రెండుసార్లు కొట్టి, కొబ్బరికాయ వాయించి చూసినట్టు చెవి పెట్టి వినేవాడు. ఏ పనికీ కాదనడు, సరే అని కూడా అనడు. "చూద్దామండి" అంటాడు. ఆ మాట అన్నాడంటే పని అయినట్టే.

మా కష్టం విని "చూద్దామండి" అన్నాడు. మర్నాడు పడవెక్కి లంకకు వచ్చాడు. దారిలోనే ఒక తాడుతో పడవ వెడల్పు కొలిచి ముడేశాడు. మా సందు కొలిచి ఇంకో ముడేశాడు. అరుగు మీద మా మడతమంచం కనిపిస్తే దాన్ని నాలుగుసార్లు తీసి, మడిచి, కాసేపు దాని ముందే గొంతుక్కూర్చున్నాడు.

"ఏవయ్యా మేస్త్రీ, పడుకుంటావా ఏంటి?" అన్నాను.

"లేదండి అక్కగారూ, పాఠం వింటున్నాను" అన్నాడు.

నెల తిరక్కుండా బండి తయారైంది. పాత స్కూటరు చక్రాలు రెండు, మధ్యలో మడతబందులు వేసిన ఇనప పళ్ళెం. మడిస్తే రెండు అరచేతులు కలిపి దణ్ణం పెట్టినట్టు నిలబడేది. తెరిచాక కుడిపక్కొకటి ఎడమపక్కొకటి బొటనవేలంత లావు చీలలు దూర్చాలి. మేమిద్దరం కొట్టుకు వెళితే ఆయన మా ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి నన్ను పిలిచాడు.

"బావగారు తోలతారండి. ఇంటికొచ్చేక దీన్ని మడిచేది, కడిగేది మీరు. అంచేత నేర్చుకోవాల్సింది మీరే."

"నాకేం తెలుసయ్యా ఇనపసామాను సంగతి. మంచం మడిచినట్టు మడుస్తాను."

"మంచానికి చీల ఉండదండి, దీనికి ఉంది. చీల ఉంటే ఇది బండి, లేకపోతే తలుపు. దీని ప్రాణమంతా అందులోనే ఉందండి."

నా చేత ఏడుసార్లు తీయించి, ఏడుసార్లు మడిపించాడు. పక్కన టీ తాగుతున్న ఒకాయన, "అక్కగారికి లైసెన్సు రాసిచ్చేయండి మేస్త్రిగారూ" అన్నాడు. "నువ్వొచ్చి చక్రం కింద పడుకో నాయనా, తొక్కించి చూపిస్తాను. అప్పుడు రాయొచ్చు" అన్నాను. అందరికంటే ఎక్కువ నవ్వింది మేస్త్రి. నవ్వి, రెండు చీలలూ గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. మా ఆయన చేతిలో కాదు. ఈ మాట గుర్తుంచుకోండి.

రెండేళ్ళు ఆ బండి మా ఇంటిని మోసింది. గెలలు, ఎరువు బస్తాలు, పెళ్ళిళ్ళ వంట గిన్నెలు. మా ఆడపడుచుకు విషజ్వరం వస్తే పరుపు వేసి, మనిషిని పడుకోబెట్టి రేవుకి చేర్చింది. పడవలో మడిచి ఒక పక్కకు ఆనిస్తే జనం దాన్ని వీపుకి చేరబడడానికి వాడుకునేవారు. లంకలో ఒక్కొక్కరూ మేస్త్రి దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టారు. "గేట్లు తగ్గించేస్తానండి. లంకల్లో అందరికీ ఇవే చేసిపెడతాను. ఆ మెడల మీద గెలలు చూడలేకపోతున్నాను" అనేవాడు నాతో.

ఇక నా సంగతి చెబుతాను.

దసరాకి మా ఇంట్లో ఆయుధపూజ మా అత్తగారి నాటినుంచీ ఉంది. కత్తులు, గునపం, కొడవళ్ళు కడిగి, పసుపు రాసి, కుంకం పెట్టి దేవుడి గూట్లో పెడతాం. దశమి దాటేదాకా కదపకూడదు. ఆ ఏడు బండికి కూడా పూజ చేయాలనిపించింది. అన్నం పెట్టేది అదే కదా. గూట్లో అది పట్టదు. ప్రాణమంతా చీలలో ఉందని మేస్త్రి చెప్పిన మాట గుర్తొచ్చింది. కుడిపక్క చీల తీసి, పసుపు రాసి, బొట్టు పెట్టి అమ్మవారి ముందు పెట్టాను. సందు మొదట్లో తెరిచి పువ్వులు కట్టిన బండి ఒక పక్క కుంగకుండా ఆ కన్నంలో సరుగుడు పుల్ల ఒకటి దూర్చాను. దానికి కూడా బొట్టు పెట్టాను.

దశమి మర్నాడు గెలల కోత. గూట్లోంచి కత్తులు తీసిచ్చాను, కొడవళ్ళు తీసిచ్చాను. చీల బంతిపువ్వుల కింద ఉండిపోయింది, నాకు గుర్తే రాలేదు. మా ఆయన రెండు కన్నాల్లోనూ ఏదో ఉందని చూసుకున్నాడు, బయల్దేరాడు. మా వైపు ఏటిగట్టు మీంచి రేవులోకి దిగుతుంటే పుల్ల విరిగింది. బండి ఒక పక్క మడతపడి మోపెడ్‌ని లాగేసింది. గెలలతో సహా మనిషి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది.

మర్నాడు నేను నేరుగా మేస్త్రి కొట్టుకు వెళ్ళాను. నా నోటి సంగతి లంకంతా ఎరుగును. రోడ్డు మీద జనం నిలబడిపోయారు.

"ఇనుములో కక్కుర్తి పడ్డావు. నా మొగుణ్ణి మంచాన వేశావు. నీ కొట్టు మన్నయిపోను" అని దోసెడు మన్ను తీసి ఆయన మీద పోశాను. సగం ఆయన టీ గ్లాసులో పడింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "బావగారికి ఎలా ఉందండి?" అన్నాడు. తరవాత నెమ్మదిగా, "చీలలు రెండూ ఉన్నాయాండి?" అన్నాడు.

"అంటే నా మొగుడికి చీల వేయడం చేతకాదంటావా? చెప్పవయ్యా, నలుగురూ వింటారు."

ఆయన నా మొహం చూశాడు. "లేదండి. బండి ఇక్కడికి పంపండి, చూస్తాను" అన్నాడు. అంతే.

వారం తరవాత బండి తిరిగొచ్చింది. కొత్త చీలలు, ఒక్కొక్క చీలకు జానెడు గొలుసు, ఆ గొలుసు బండికే అతికించి ఉంది. కుక్కను కట్టేసినట్టు ఇదేం పని అని గొణుక్కున్నాను.

కార్తీకమాసం వస్తోందని దేవుడి గూడు కడిగిన రోజున ఎండిన పువ్వుల కింద నా చేతికి చీల తగిలింది. పసుపు అలాగే ఉంది, బొట్టు అలాగే ఉంది. బండి దగ్గరకు వెళ్ళి గొలుసు పట్టుకుని చూశాను. అప్పుడు ఆ గొలుసు ఏమిటో అర్థమైంది. కన్నంలో ఇరుక్కున్న పుల్ల ముక్కను మేస్త్రి చూశాడు. చూసి కూడా మాట పైకి రానివ్వలేదు. ఇంకెప్పుడూ నేను చీలను తీసుకెళ్ళి ఎక్కడా పెట్టకుండా మాత్రం చేశాడు.

ఆ రోజే వెళ్ళి చెప్పి ఉంటే ఈ పుస్తకంలో నేను ఉండేదాన్ని కాదు. చీలను పటాల వెనక్కి తోశాను.

కొన్నాళ్ళకు పడవలో మా లంక రైతొకాయన నా పక్కన కూర్చున్నాడు. ఆయన అప్పటికే బండి చేయమని మేస్త్రికి చెప్పి ఉన్నాడు.

"పిన్నిగారూ, మీరు వాడేరు కదా. నిజం చెప్పండి. ఆ బండి నమ్మచ్చంటారా?"

పడవ నిండా మనుషులు. అందరూ నా వైపే చూస్తున్నారు. మన్ను పోసిందాన్ని నేనే కదా. మంచి బండి, తప్పు నాది అంటే సరిపోయేది. నాలుగు మాటలు. రేవు మొత్తాన్ని హడలెత్తించే నోరు నాది, ఆ నాలుగు మాటలు రాలేదు.

"నాకేం తెలుసయ్యా. మా ఆయన కాలు చూస్తున్నావుగా" అన్నాను.

ఆయన బండి వద్దన్నాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు వద్దన్నారు. లంకలో గెలలు మెడల మీదే ఉండిపోయాయి. మేస్త్రి మళ్ళీ గేట్లు, కిటికీ ఊచలు. మన్ను పోయడం కోపంలో చేసిన పని. ఇది తెలిసి చేసిన పని. ఈ రెండూ ఒకటి కావు, ఒకటిగా రాయొద్దు.

ఒకసారి చెబుదామనే వెళ్ళాను. చీల కొంగున కట్టుకునే వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే లేచి స్టూలు తుడిచాడు.

"రండక్కగారూ. బావగారు నడుస్తున్నారాండి?"

"కుంటుతున్నాడు, నడుస్తున్నాడు."

"బండో?"

"అదీ నడుస్తోంది."

"ఆయ్, అంతే చాలండి" అని నల్లద్దాలు కళ్ళ మీదకి దించుకున్నాడు. నిప్పురవ్వలు లేచాయి. కొంగు ముడి విప్పకుండానే వచ్చేశాను. నన్ను తప్పించడానికే అలా చేశాడని నాకు తెలుసు. తప్పించుకున్నాను.

తొమ్మిదేళ్ళు ప్రతి దసరాకీ ఆ చీల నా కంటబడేది. కత్తులకు పసుపు రాసే చేత్తో దాన్ని పక్కకు జరిపేదాన్ని.

ఆయన పోయిన రోజు కొట్టు ముందు జనం ఉన్నారు. నేను మన్ను ఎత్తిన చోటే నిలబడి, కొంగు ముడి విప్పి, అందరికీ వినపడేలా చెప్పాను. పుల్ల దూర్చింది నేను, చీల దాచింది నేను, పడవలో అబద్ధం ఆడింది నేను. ఎవరో పెద్దాయన "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నాడు. ఇప్పుడెందుకో నాకూ తెలీదు. వినాల్సిన మనిషి లోపల చాప మీద ఉన్నాడు.

అమ్మాయి బయటికి వచ్చింది. "నాన్నకి తెలుసండి పెద్దమ్మగారూ. ఆ పుల్ల ముక్క ఇంటికి తెచ్చి అమ్మకి చూపించేరు. 'దీనికి కూడా బొట్టు పెట్టేరు చూడు, ఎంత భక్తిగా పెట్టుకున్నారో' అన్నారు" అంది.

తిడితే బాగుండేది. ఆయన కుటుంబానికి తిట్టడం రాదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు కూడా మొదటిసారి చెప్పాను. కాలు నిమురుకున్నాడు. "నా కాలు ఆర్నెల్లకి అతుక్కుంది కదే" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు సంగతి ఇంకొకటి ఉంది. చీల తీసుకోమంటే అమ్మాయి తీసుకోలేదు. కొట్టు వెనక్కి తీసుకెళ్ళింది. పాత గేట్ల మధ్య ఒక మడతబండి ఉంది. పడవలో నన్నడిగిన రైతు కోసం మొదలుపెట్టి ఆపేసింది. చక్రాలు లేవు, ఒళ్ళంతా తుప్పు. ఎడమపక్క చీల వేసి ఉంది, కుడిపక్క కన్నం ఖాళీగా ఉంది.

నా చేతిలోది అందులో పెట్టి చూశాను. ఆయన కొలత ఏ బండికైనా ఒకటే. నెట్టక్కర్లేకుండా తలదాకా దిగింది. అక్కడే వదిలేశాను.

ఈ మాటలు చెప్పడానికి ఇవాళ వచ్చేటప్పుడు పడవ దిగి రోడ్డెక్కి చూశాను. కొట్టు తలుపులు వేసే ఉన్నాయి. వెనక ఆ బండి కనిపిస్తోంది. తుప్పు మధ్యలో ఒక్క చోట, బొటనవేలంత, పసుపు.