జంట కార్బొరేటర్లు, మామయ్యగారి గ్రేడింగు

మొన్నామధ్య విజయవాడలో మా కారు సర్వీసింగుకి ఇచ్చి, ఏసీ హాల్లో అద్దం వెనక కూర్చోమంటే కూర్చున్నాను. యూనిఫారం వేసుకున్న అమ్మాయి ఒకతె వచ్చి, స్టీరింగు కింద ఎక్కడో ఒక వైరు గుచ్చి, చేతిలో ఉన్న తెర మీద ఏదో చదువుకుని, అంతా బాగానే ఉందన్నట్టు తలూపి వెళ్ళిపోయింది. బానెట్ ఎత్తలేదు, చేతికి మసి అంటలేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఇంచుమించు నా ఈడువారే, కార్బొరేటర్ల రోజులు పోయాయండీ అని నిట్టూర్చారు. ఆ మాట చెవిన పడిందో లేదో, కిరసనాయిలు వాసనా వరిగడ్డిలో మాగుతున్న రసాల వాసనా కలిసిపోయి నా ముక్కుకి తగిలాయి. ఆ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో మన తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు, తర్వాతి వాళ్ళకి చెప్పినా తెలియదు.

ఎనభైల మొదట్లో నేను నూజివీడు కోడలిగా వచ్చేసరికి మా మామయ్యగారికి మామిడి వ్యాపారం జోరుగా సాగుతోంది. ఇంటి వెనక పెద్ద గోడౌను, అందులో ఒక మూల గోనె పట్టాలు కప్పిన పాత విలాయతీ కారు ఉండేవి. ఆ కారు మా అత్తయ్యగారి పుట్టింటిది. వాళ్ళ నాన్నగారు పోయాక, గుర్తుగా ఏం కావాలని అన్నదమ్ములు అడిగితే, అమ్మ నగల్లోంచి ఏ గాజులో గొలుసో కోరుకుంటుందని అందరూ అనుకున్నారట. ఆవిడ కారు కావాలన్నారు. ఒక ముసలి డ్రైవరు ఉన్నంతకాలం, ఏటా తొలి కోత రోజున అత్తయ్యగారూ మామయ్యగారూ వెనక సీట్లో కూర్చుని తోటకి వెళ్ళేవారట. అతను మానేశాక కారు మూలపడింది, ఇంజను మూగబోయింది, కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టడం మొదలెట్టాయి.

మామయ్యగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన పుట్టిందే కాయలు ఏరడానికి అన్నట్టుండేవారు. పెద్దవి పెద్దవాటిలో, చిన్నవి చిన్నవాటిలో, మచ్చ ఉన్నవి పక్కకి. తోటలోనే కాదు, ఇంట్లో వంకాయలు తెచ్చినా అంతే, పండక్కి లడ్డూలు చుట్టినా అంతే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా ట్రంకు పెట్టెలోంచి గాజులు తీసి మంచం మీద పెడితే, అటుగా వెళ్తూ వాటిని కూడా సైజుల వారీగా పేర్చిపోయారు. మనిషి బంగారమే గానీ, రెండు వస్తువులు కలగాపులగంగా కనిపిస్తే ఆయన చేతులు ఊరుకునేవి కావు.

ఆ ఏడు కాపు విరగ్గాసింది, గోడౌనులో చోటు చాల్లేదు. కారు తీసేస్తే ఇంకో వరస గడ్డి పరుచుకోవచ్చని మామయ్యగారికి అనిపించింది. బెజవాడ నుంచి ఎవరో పాత కార్లు కొనేవాడు వస్తానన్నాడు. అత్తయ్యగారు వద్దని అనలేదు, ఆవిడ ఏదీ వద్దని అనే మనిషి కాదు. కానీ ఆ రోజునుంచీ గోడౌను వైపు వెళ్ళడం మానేశారు, మజ్జిగ కలిపినా, పూలు కట్టినా అటు వీపు పెట్టి కూర్చునేవారు. అది చూసి మా వారికి మనసు ఒప్పలేదు. తండ్రితో వాదించి వాదించి చివరికి ఒక ఒప్పందానికి తెచ్చారు. తొలి కోత రోజున కారు తనంతట తాను తోటదాకా నడిస్తే ఇంట్లో ఉంటుంది, లేకపోతే మర్నాడు బెజవాడ వాడిది.

మా వారికి యంత్రాల పిచ్చి. ఆదివారం వస్తే స్కూటరు విప్పడం, సాయంత్రానికి బిగించడం, మిగిలిపోయిన మరలు జేబులో వేసుకోవడం. అయినా కారు పని తనకి కొత్త కాబట్టి హనుమాన్ జంక్షన్ నుంచి లారీల మెకానిక్కుని పిలిపించారు. అతను బానెట్ ఎత్తి, ఒక్క ఇంజనుకి, పెట్రోలునీ గాలినీ కలిపి అందించే కార్బొరేటర్లు రెండు పక్కపక్కనే ఉండడం చూసి, కవల పిల్లల్ని చూసినంత ముచ్చటపడ్డాడు. బ్యాటరీ, ప్లగ్గులు తను చూసుకుంటాననీ, ఈ రెండింటినీ మాత్రం విప్పి శుభ్రం చెయ్యాల్సిందేననీ, అదంతా ఓపిక పనే గానీ విద్య కాదనీ చెప్పి మా మీద పడేశాడు.

ఇక మా వెనక వసారా వర్క్‌షాపు అయిపోయింది. ఏళ్ళ తరబడి నిలవున్న పెట్రోలు లోపలే ఎండిపోయి, మామిడి సొన చేతికంటి గట్టిపడ్డట్టు ప్రతి ముక్కకీ పట్టుకుని ఉంది. కిరసనాయిల్లో నానబెట్టడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ నానబెట్టడం. కనిపించీ కనిపించని బెజ్జాల్లోకి మా వారు నోటితో ఊది ఊది బుగ్గలు నొప్పెట్టించుకున్నారు. ఇత్తడి ముక్కల్ని నేను చింతపండు పెట్టి దేవుడి సామాన్లంత తళతళలాడేలా తోమాను. కొత్త కోడలు పెట్రోలు కంపుతో వంటింట్లోకి వస్తుంటే ఇంకో అత్తగారైతే ఏమనేవారో గానీ, ఈవిడ మాత్రం గుమ్మంలో నిలబడి, ఆ లోపలి మూలకి ఇంకా మురికుంది అమ్మాయ్ అని చూపించి వెళ్ళిపోయేవారు. నిజం చెప్తున్నాను, పెళ్ళయ్యాక మా వారితో నేను మొదటిసారి పగలబడి నవ్వింది సినిమా హాల్లో కాదు, ఆ వసారాలోనే.

ఎడమ కార్బొరేటరు ముక్కలు ఒక చేటలో, కుడిదాని ముక్కలు ఇంకో చేటలో ఎండబెట్టి, మేం భోజనానికి లేచాం. తిరిగొచ్చి చూస్తే చేటలు భలే అందంగా ఉన్నాయి. గంటల్లాంటి రెండు మూతలూ పెద్దవి కాబట్టి ఒక చోట, వాటిలో పైకీ కిందకీ ఆడే రెండు పిస్టన్లూ ఇంకో చోట, సూదులు, మరలు, స్ప్రింగులు దేనికది వరసగా పేర్చి ఉన్నాయి. పక్కనే మామయ్యగారు చేతులు దులుపుకుంటూ, మెచ్చుకుంటామని నిలబడి ఉన్నారు. మా వారు తలపట్టుకుని అరుగు మీద చతికిలబడ్డారు. ఏ ముక్క ఏ కార్బొరేటరుదో ఇక తెలియదనీ, ఒకదానిది ఇంకోదానికి సరిపోదనీ తెలిశాక మామయ్యగారి ముఖం చూడాలి. కారు పోవాలనే చేశారని ఎవరైనా అనుకుంటారేమోనని ఆయనకి బెంగ పట్టుకుంది, ఆ రాత్రి సరిగా అన్నం కూడా తినలేదు.

ఉజ్జాయింపుగా బిగిస్తే ఇంజను దగ్గింది, ఊగింది, ఆగిపోయింది. మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించినా అదే తంతు. తెల్లారితే తొలి కోత. సాయంత్రం ఎండ దిగుతుండగా, మేం ముగ్గురం ఆ ముక్కల చుట్టూ దిగాలుగా కూర్చుని ఉంటే, అత్తయ్యగారు వచ్చి పీట వేసుకున్నారు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఒక పిస్టను తీసి ఒక మూతలో పెట్టి, వేలితో పైకెత్తి వదిలారు. అది సగంలో ఆగింది. ఇంకో మూతలో పెట్టి వదిలారు. టక్కున కిందకి జారింది.

"ఇది దీని జతరా. మా నాన్నగారు ఇలాగే చూసేవారు. చప్పుడు వినిపించాలి."

రెండో జత కూడా అలాగే తేలింది. మా వారు రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో, ఒక చివర కార్బొరేటరు నోటి దగ్గర పెట్టుకుని, రెండూ ఒకేలా బుసకొట్టేదాకా మరలు తిప్పారు. దీపాలు పెట్టే వేళకి ఇంజను అందుకుంది. అదేం చప్పుడండీ, నిద్ర పట్టిన పిల్లాడి ఊపిరంత నెమ్మది. మామయ్యగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

తెల్లారింది. కారు నడపాల్సింది జంక్షన్ మెకానిక్కు, మా ఇంట్లో ఎవరికీ కారు రాదు. అతనేమో దారిలో ఆగిపోయిన లారీ కిందికి దూరాడని కబురొచ్చింది. తోటలో కూలీలు కాయలు కోసే చిక్కాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు, ఎండెక్కుతోంది. మా వారు నేనే తోలతానని తాళం అందుకోబోతే మామయ్యగారు ససేమిరా అన్నారు. సరే, రిక్షాలో వెళ్దాం, మాట మాటే అని ఆయన బాధగానే తేల్చేశారు. అప్పుడు అత్తయ్యగారు పట్టుచీర కుచ్చెళ్ళు కాస్త ఎగదోపుకుని, ముందు తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చున్నారు. మేమింకా నోళ్ళు మూయకముందే గేరు పడింది, కారు గోడౌను గుమ్మం దాటి మా ముందు ఆగింది, మేం ఎక్కి కూర్చున్నాం.

చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు తోటలో నేర్పారట. ఇన్నేళ్ళూ ఒక్కమాటైనా చెప్పలేదేంటని మామయ్యగారు వెనక సీట్లోంచి తేరుకుని అడిగితే, ఆవిడ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా జవాబిచ్చారు.

"మీరు వెనక కూర్చోమన్నారండీ. కూర్చున్నాను."

బజారు మీదుగా వెళ్తుంటే కొట్లవాళ్ళు బేరాలు వదిలేసి మెట్ల మీదికి వచ్చారు, ఆడవాళ్ళు గుమ్మాల్లోకి పరిగెత్తారు, పాలవాడు సైకిలు దిగి నిలబడిపోయాడు. మామయ్యగారు మొదట తల వంచుకుని, మలుపు తిరిగేసరికి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అందరికీ నమస్కారాలు పెట్టడం మొదలెట్టారు. తోటకి చేరాక ఆయన తొలి కాయ కోయించి, ఎప్పుడూ ఏరే మనిషి ఆ రోజు మాత్రం ఏరకుండానే, తిన్నగా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టారు. మర్నాడు బెజవాడ నుంచి వచ్చిన పెద్దమనిషికి ఒక బుట్ట చిన్న రసాలిచ్చి మర్యాదగా సాగనంపాం.

కోతలయ్యాక అదే తోటలో నాకూ నడపడం నేర్పారు ఆవిడ. కళ్ళు సహకరించినన్నాళ్ళూ తొలి కోతకి ఆవిడే నడిపారు. ఆవిడ పోయిన కొన్నేళ్ళకి సామాన్లు దొరక్క ఆ కారుని, పాత కార్లంటే ప్రాణమిచ్చే ఒకాయనకి, నడుపుతానని మాట తీసుకునే ఇచ్చాం.

ఇప్పుడు మా కోడలు ఉదయం టిఫిను తిని, ఫోనులో మాట్లాడుకుంటూనే కారు తీసి ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. ఎవరూ తలతిప్పి చూడరు. చూడనక్కర్లేని రోజులు రావడం మంచిదే, అత్తయ్యగారు ఉంటే ఆవిడా అదే అనేవారు. కానీ గేటు వెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా నేను మాత్రం, వీధి మలుపు తిరిగేదాకా, ఆ కారుని నిలబడి చూస్తూనే ఉంటాను.